ముసర పోయింది - పారుడు మిగిలింది

 

ఈనాటి ప్రసంగంలో మీకొక రోగం కథ చెప్పదలచాను. ఆ రోగంతో జీవితకాలమంతా పెనుగులాడిన కొందరు శాస్త్రజ్ఞుల కథ కూడా అందులోనే ఉన్నది. “కథలెందుకయ్యా, మా మందకు ముక్కులు కారుతున్నవి, మందేదో చెప్పు” అని మీలో ఎవరైనా అనవచ్చు. ఆ మాటా వస్తుంది. అయితే మందు పేరొక్కటే చెప్పి ఊరుకుంటే అది నాలుగు రోజులలో మరపున పడుతుంది. ఆ మందు ఎట్లా పుట్టిందో, ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ అశ్రద్ధ చేస్తే వృథా అవుతుందో తెలిసినవాడు మరచిపోడు. అందుకని కాస్త ఓపిక పట్టి వినండి.

చంద్రశేఖరపురం నుంచి కనిగిరి దాకా, ఇటు మార్కాపురం, గిద్దలూరు దాకా మన పడమటి ప్రకాశమంతా మెట్ట ప్రాంతం. వెలిగొండల కింద వాన ఒక ఏడు పడుతుంది, మరుసటి ఏడు మొగం చాటేస్తుంది. కంది పోయినా, సజ్జ పోయినా ఇంటిని నిలబెట్టేవి దొడ్లో ఉన్న నాలుగు జీవాలే. పెండ్లి ఖర్చు వచ్చినా, పిల్లవాడి చదువు వచ్చినా, ఆసుపత్రి ఖర్చు మీదపడినా మందలో పొట్టేలును పట్టి అమ్ముకుంటాము. కాబట్టి జీవాలకు వచ్చిన రోగం జీవాలతో పోదు. అది ఇంటిల్లిపాదికీ తగిలే రోగం.

ముసర అంటే ఏమిటి?

మన పెద్దలు ముసర అనీ, కొన్ని చోట్ల పెద్దరోగం అనీ పిలిచిన జబ్బు ఒకటుండేది. ఆవులకు, ఎద్దులకు, గేదెలకు వచ్చేది. మొదట ఒళ్లు కాలిపోయే జ్వరం. మేత ముట్టదు, నెమరు వెయ్యదు. కళ్ల వెంట నీరు, ముక్కు వెంట చీమిడి. రెండు మూడు రోజులకు చిగుళ్ల మీద, నాలుక కింద తవుడు చల్లినట్లు తెల్లని పొర, ఆ పొర ఊడితే ఎర్రని పుండ్లు. ఆ తరువాత భరించరాని వాసనతో విరేచనాలు. వారం, పదిరోజులు తిరక్కుండానే పశువు కూలిపోయేది. ఈ రోగం ఎన్నడూ ఎరుగని మందలో అడుగుపెడితే నూటికి ఎనభై, తొంభై పశువులను తుడిచిపెట్టేది.

ఎడ్లు పోతే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. తొలకరి పడ్డది, పదునున్నది, నాగలి ఉన్నది, కట్టేందుకు ఎడ్లు లేవు. ఆ ఏటికి ఆ పొలం బీడే. పశువుల చావు వెనకనే మనుషుల ఆకలి వచ్చేది.

ఇది మన ఒక్క దేశపు గోడు కాదు. ఐరోపా ఖండంలో ఈ రోగం పెట్టిన బాధ పడలేకనే 1761లో ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో మొట్టమొదటి పశువైద్య పాఠశాలను స్థాపించారు. 1880ల చివర ఆఫ్రికాలో అడుగుపెట్టిన ముసర పదేళ్లలోపే ఆ ఖండం ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది. ఇథియోపియాలో ఎడ్లు పోయి, సేద్యం పోయి, ఘోరమైన కరువు వచ్చింది. 1920లో మన దేశం నుంచి బ్రెజిల్‌కు ఓడలో వెళుతున్న పశువులను దారిలో బెల్జియం దేశపు ఆంట్వెర్ప్ రేవులో దించితే, వాటి వెంట ముసర కూడా దిగింది. ఆ దెబ్బతో దేశాలన్నీ ఉలిక్కిపడి 1924లో పారిస్ నగరంలో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థను ఏర్పాటు చేసుకున్నవి. మన ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్‌లో నేటికీ నెల్లూరు పేరుతోనే పిలవబడుతున్నవి. మంచి పశువు ఎంత దూరం పోగలదో, చెడ్డ రోగమూ అంత దూరం పోగలదని దీనివల్ల తెలుస్తున్నది.

కొండమీది ప్రయోగశాల

మన దేశంలో పశుమారిని గురించి 1871లోనే ప్రభుత్వం వారు ఒక సంఘం చేత విచారణ చేయించారు. 1889లో పూనాలో పశురోగాల ప్రయోగశాల ఒకటి వెలసింది. ముసర వంటి అంటురోగాన్ని ఊళ్ల మధ్య పెట్టుకుని పరిశోధించడం నిప్పుతో చెలగాటమని గ్రహించి, 1893లో దానిని హిమాలయాలలో, కుమావూ కొండల మీద ఉన్న ముక్తేశ్వరానికి తరలించారు. అక్కడ చలి ఉన్నది, చుట్టూ అడవి ఉన్నది, దగ్గరలో పశువుల మందలు లేవు. క్షయ, కలరా క్రిములను కనిపెట్టిన రాబర్టు కాక్ పండితుడు సయితం 1897లో ఆ కొండ ఎక్కి వచ్చి చూచి వెళ్లాడు.

ఆ రోజులలో చికిత్స ఏమిటి? రోగం వచ్చి కోలుకున్న పశువు నెత్తురులోని సీరం తీసి, మంచి పశువుకు ఎక్కించేవారు. దాని బలం కొద్ది రోజులే. లేదా ఒక పక్క సీరం, ఇంకొక పక్క రోగపు పశువు నెత్తురు, రెండూ ఒకేసారి ఎక్కించేవారు. దాని బలం ఎక్కువకాలం ఉండేది కాని, ఆ నెత్తురులో వేరే రోగాల క్రిములుంటే అవీ ఎక్కేవి. ఒక రోగానికి కాపు కాద్దామని పోతే ఇంకొకటి అంటుకునేది.

1920లలో ముక్తేశ్వరంలో డైరెక్టరుగా ఉన్న జె. టి. ఎడ్వర్డ్సు అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు ఈ చిక్కును విడదీయబోయాడు. ఆవునెత్తురులోని ఆ వేరే క్రిములు మేక ఒంటిలో బ్రతకవు గదా, ముసర విషాన్ని ఆవునుంచి మేకకు ఎక్కిస్తే శుభ్రపడుతుంది గదా అని ఆలోచించాడు. అలాగే మేక నుంచి మేకకు, మేక నుంచి మేకకు ఎక్కిస్తూ పోయాడు. ఆయన కోరినది శుభ్రమైన విషం. దొరికింది అంతకంటె గొప్పది. ఎన్నో మేకలు మారిన తరువాత ఆ విషానికి ఆవును చంపే బలం తగ్గిపోయింది. అయితే ఆవుకు రోగనిరోధక శక్తిని ఇచ్చే గుణం మాత్రం పోలేదు. ఇదే ‘మేకటీకా’గా పేరుపొందినది. సీరం లేకుండా ఒక్క టీకాతో ఏండ్ల తరబడి కాపు.

మన తాలూకాలు అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోను, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోను ఉండేవి. రాజధానిలో పశురోగాల మందులు తయారుచేసేందుకు 1932లో రాణిపేటలో ఒక సంస్థ ఏర్పడింది. సాండర్సు, కైలాసం అయ్యరు అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ముసర విషాన్ని 150 మార్లు వరుసగా మేకలకు ఎక్కించి, మార్పు ఎట్లా వస్తుందో పరీక్షించి 1936లో ప్రకటించారు. నూటయాభై మార్లు అన్నమాటను ఒక్కసారి ఆలోచించండి. ప్రతిసారీ జ్వరం చూడాలి, నెత్తురు తియ్యాలి, లెక్క వ్రాయాలి. ఒక్కనాడు అశ్రద్ధ చేస్తే వెనకటి పని అంతా పోయినట్లే. పరిశోధన అంటే మెరుపు మెరిసినట్లు వచ్చే ఆలోచన అనుకుంటాము. నిజానికి అది మన సేద్యం వంటిదే. దున్నినదే దున్నడం, చూచినదే చూడడం.

మేకటీకాతోనే మన దేశం 1950లలో ముసర నిర్మూలన పథకాన్ని మొదలుపెట్టింది. ఆవులకు, గేదెలకు ఊరూరా కోట్ల టీకాలు వేశారు. రోగం చాలా తగ్గింది. అయితే మేకటీకాకు ఒక లోపం ఉన్నది. గట్టి నాటు పశువులు దానికి తట్టుకునేవి. విదేశీ జాతి పశువులకు, సంకరజాతి వాటికి, కొన్ని కొండజాతులకు ఆ టీకాతోనే జ్వరం ముదిరి ప్రాణాపాయం వచ్చేది. ఆ పశువులకు ఇంకా మెత్తని టీకా కావలసి వచ్చింది.

ఒక మనిషి, ఒక రోగం

ఆ మెత్తని టీకాను తయారుచేసిన మనిషి వాల్టర్ ప్లౌరైట్. ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో 1923లో పుట్టాడు. 1944లో లండనులోని రాయల్ వెటర్నరీ కాలేజీలో పశువైద్య పట్టం పుచ్చుకున్నాడు. సైన్యంలో పశువైద్యుడుగా పనిచేస్తూ తూర్పు ఆఫ్రికాను చూశాడు. 1950 నుంచి కెన్యాలోని ముగూగాలోను, నైజీరియాలోని వోమ్‌లోను ఉన్న పరిశోధనాలయాలలో పనిచేశాడు. ఆయన పట్టుకున్నది ముసర వైరసును.

వైరస్ అనేది మామూలు సూక్ష్మజీవుల కంటె ఎంతో చిన్నది. ప్రాణమున్న కణం లోపల తప్ప పెరగలేదు. అందుకే అంతకుముందు దానిని పెంచాలంటే ఆవో, మేకో, కుందేలో కావలసి వచ్చేది. 1949లో అమెరికాలో ఎండర్సు అనే ఆయన, ఆయన సహచరులు పిల్లల పక్షవాతం వైరసును గాజుపాత్రలోని కణాలలో పెంచి చూపించారు. ప్లౌరైట్ ఈ పద్ధతిని ముసరకు పట్టించాడు. దూడ మూత్రపిండం లోని కణాలను విడదీసి, గాజుసీసాలో పోషక ద్రవం పోసి, నారుమడిలో నారు పోసినట్లు పెంచాడు. అందులో ముసర వైరసును వదిలాడు. అది పెరగగానే కొంత తీసి కొత్త నారులో వేశాడు. మళ్లీ తీసి మళ్లీ వేశాడు. ఇట్లా ఫెర్రిస్ అనే సహచరుడితో కలసి సుమారు 90 మార్లు మార్చాడు.

అడవిలో తిరిగిన దున్నను కట్టుగొయ్యకు కట్టి తరతరాలుగా మేపితే కుమ్మే గుణం పోయినట్లు, గాజుసీసాలో బ్రతకడం మరిగిన ఆ వైరసుకు పశువును చంపే శక్తి పోయింది. 1960ల మొదట్లో టీకా సిద్ధమయింది. అది నాటు పశువుకు పనికివచ్చింది, సంకరజాతికి పనికివచ్చింది, చూడి ఆవుకు, చిన్న దూడకు పనికివచ్చింది. ఒకసారి వేస్తే పశువు బ్రతికినంతకాలం కాపు. తయారీ ఖర్చు కూడా తక్కువ.

ఆయన పరిశోధనలన్నీ ఫలించినవని అనుకోకండి. ఆఫ్రికాలో అడవి జంతువుల నుంచి ఆవులకు అంటే ఒక ప్రాణాంతక జ్వరం ఉన్నది. విల్డెబీస్టు అనే అడవిపశువు ఈనే కాలంలో, అవి ఈనిన బీళ్లలో మేసిన ఆవులు చచ్చిపోతవని మసాయి కాపరులు తరతరాల నుంచి చెపుతూ ఉండేవారు. ప్లౌరైట్ ఆ మాటను కొట్టివేయలేదు. వెతికాడు. 1960లో ఆ అడవిపశువు ఒంటిలోనే ఆ వైరసును పట్టుకున్నాడు. కాపరుల మాట అక్షరాలా నిజమని తేలింది. ఆ జ్వరానికి కూడా టీకా చెయ్యాలని ఎంతో ప్రయత్నించాడు. అది మాత్రం ఆయనకు సాధ్యపడలేదు. పందులకు వచ్చే ఆఫ్రికా జ్వరం వైరస్ అడవిపందుల బొరియలలోని పిడుదులలో దాగి ఉంటుందని ఆయన, ఆయన తోటివారు చూపించారు.

తరువాత ఇంగ్లండుకు తిరిగివెళ్లి, తాను చదివిన కాలేజీలోనే ఆచార్యుడయ్యాడు. 1981లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. ముసర టీకాకుగాను 1999లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. 2010 ఫిబ్రవరిలో తన 86వ ఏట కన్నుమూశాడు. మరుసటి సంవత్సరమే, 2011లో, ముసర భూమి మీద లేదని లోకం ప్రకటించింది. ఆ ప్రకటన వినడానికి ఆయన లేడు.

టీకా ఆపడం కూడా ఒక పనే

ఇక్కడ విస్తరణ సిబ్బంది శ్రద్ధగా వినవలసిన మాటొకటి ఉన్నది. మంచి టీకా దొరికింది గదా, వేస్తూ పోతే రోగం దానంతట అదే పోతుందనుకుంటే పొరపాటు. మన దేశంలో దశాబ్దాల తరబడి టీకాలు వేసినా, దక్షిణాది రాష్ట్రాలలో రోగం మూలమూలల దాగి, సంతల వెంట, వలస మందల వెంట మళ్లీ మళ్లీ లేచేది. 1992 నుంచి కొత్త పథకంతో పనిచేశారు. ఎక్కడ రోగం ఉన్నదో వెతకడం, అక్కడ గట్టిగా టీకా వెయ్యడం, రోగం పోయిన చోట టీకా ఆపి, నెత్తురు పరీక్షలు చేసి చూడడం, ఊరూరా తిరిగి అడగడం. టీకా ఎందుకు ఆపాలి? టీకా వేసిన పశువు నెత్తురు, రోగం వచ్చి కోలుకున్న పశువు నెత్తురు పరీక్షలో ఒకే తీరుగా కనిపిస్తవి. టీకా ఆపితేనే గదా లోపల రోగం తిరుగుతున్నదో లేదో తేలేది.

మన దేశంలో ఆఖరు ముసర 1995లో తమిళనాడులో కనిపించింది. మన దేశం నుంచి రోగం పోయినదని 2004లోను, వైరస్ కూడా లేదని 2006లోను ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ఒప్పుకున్నది. లోకంలో ఆఖరుగా 2001లో కెన్యాలోని మేరు అడవిలో అడవిదున్నలలో కనిపించింది. మనుషులలో మశూచి తరువాత మానవుడు భూమి మీద నుంచి తుడిచివేసిన రెండవ రోగం ముసరే. ఇందులో పేరున్న శాస్త్రజ్ఞుల పాలు ఎంతో, మంచుపెట్టె భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన వాక్సినేటర్ల పాలు అంతే. ఇథియోపియాలోని అఫార్ ఎడారిలో డాక్టర్లు పోలేని చోట్లకు, ఎండకు తట్టుకునే టీకా ఇచ్చి, తర్ఫీదు ఇచ్చి, ఊరి మనుషులనే పంపించారు. పని అయింది.

అరసూరులో తేలిన సంగతి

ఇక మన జీవాల సంగతికి వద్దాము.

మన దక్షిణాదిన గొర్రెలకు, మేకలకు కూడా ముసర వంటి రోగం వస్తూ ఉండేది. అవే పుండ్లు, అదే చీమిడి, అదే పారుడు. అది ముసరే అనుకునేవారు. 1987లో తమిళనాడులోని అరసూరు గ్రామంలో గొర్రెలకు అటువంటి రోగం వచ్చింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ముసర వైరసును పరిశోధిస్తున్న ఆచార్య ఎం. ఎస్. శైల, తమిళనాడు పశువైద్య శాస్త్రజ్ఞుడు పురుషోత్తమన్, వారి సహచరులు ఆ వైరసును పరీక్షించారు. చూపుకు ముసరలాగే ఉన్నా, అది ముసర కాదని తేలింది. 1942లో పడమటి ఆఫ్రికాలోని ఐవరీ కోస్టులో మొదట గుర్తించిన వేరొక వైరస్ అది. ముసరకు చెల్లెలు అనుకోండి. దానినే డాక్టర్లు పీ.పీ.ఆర్. అంటారు. మనం పారుడు రోగం అంటున్నాము. ఈ సంగతిని వారు 1989లో ప్రకటించారు.

“పేరు ఏదయితేనేమి, చచ్చేది మా జీవమే గదా” అంటారా? పేరులోనే అంతా ఉన్నది. గొర్రెలకు వచ్చేది ముసరే అయితే, ఆవులకు ఎన్ని టీకాలు వేసినా రోగం మందలలో దాగి ఉన్నట్లే. వేరే రోగమని తేలితేనే ముసర పోయినదో లేదో లెక్క తేలుతుంది, జీవాలకు వేరే టీకా చెయ్యాలని తెలుస్తుంది. అలాగే చేశారు. ముక్తేశ్వరం శాస్త్రజ్ఞులు హిమాచల ప్రదేశంలోని సుంగ్రిలో 1996లో మేకల నుంచి తీసిన వైరసును, ప్లౌరైట్ చూపిన దారిలోనే, గాజుపాత్రలోని కణాలలో మచ్చిక చేసి టీకా తయారుచేశారు. చెన్నైలో అరసూరు వైరసుతోనే ఇంకొక టీకా తయారయింది.

శైల గారి పరిశోధనలో మెట్టరైతులకు ఆసక్తి కలిగించే సంగతి ఇంకొకటి. ముసర వైరసులోని ఒక మాంసకృత్తును వేరుశనగ మొక్కలో, కందిమొక్కలో పుట్టేట్లు చేశారు. ఆ వేరుశనగ ఆకును ఆవులకు మేపితే వాటి ఒంట్లో ఆ వైరసుకు ఎదురునిలిచే శక్తి పుట్టినట్లు 2003లో ప్రకటించారు. ముసర అప్పటికే మన దేశం విడిచిపోయింది కాబట్టి ఆ మేతటీకా పొలందాకా రాలేదు. కాని సూదికి బదులు మేతతో కాపు ఇవ్వవచ్చునన్న ఆలోచన నిలిచింది.

పారుడును గుర్తుపట్టడం

రోగం అంటిన నాలుగైదు రోజులకు 104 నుంచి 106 డిగ్రీల జ్వరం వస్తుంది. జీవం మంద వెనకబడి, తల వేలవేసి నిలబడుతుంది. ముక్కు నుంచి మొదట నీరు, తరువాత చిక్కని చీమిడి కారి, ఎండి ముక్కుపుటాలు మూసుకుపోతవి. కళ్లు పుసులు కట్టి అంటుకుంటవి. నోట్లో పుండ్లు పడి దుర్వాసన వేస్తుంది. తరువాత పారుడు, దగ్గు, ఎగశ్వాస. చూడి జీవాలు ఈచుకపోతవి. నాలుగు నెలలు దాటిన పిల్లలు, ఏడాదిలోపు వయసువి ఎక్కువగా చచ్చిపోతవి.

దీనిని ఇతర రోగాలతో కలపవద్దు. వానల తరువాత చిన్న కుట్టుడు ఈగల వల్ల వచ్చే నీలినాలుక రోగంలో మూతి, పెదవులు వాచి జీవం కుంటుతుంది. గాలికుంటులో నోటితోపాటు గిట్టల నడుమ పుండ్లు పడతవి. బొబ్బరోగంలో తోలు మీద పొక్కులు లేస్తవి. కంటికి ఎంత తెలిసినా, తుది తీర్పు ప్రయోగశాలదే. అరసూరు కథ చెప్పేది అదే. కాబట్టి జబ్బుపడ్డ తొలి రోజులలోనే డాక్టరుగారికి కబురు చెయ్యండి. ముక్కు, కన్ను, నోటి నుంచి దూదిపుల్లతో తీసిన మచ్చు, నెత్తురు మచ్చు మంచులో పెట్టి పంపిస్తారు. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఏమి చెయ్యాలి?

వైరసును చంపే సూదిమందు లేదు. రోగం వచ్చాక డాక్టరుగారు ఇచ్చే మందులు న్యుమోనియా వంటి వెనక వచ్చే జబ్బులను ఆపేందుకే. నీళ్లు, ఉప్పు తగ్గిపోకుండా చూడడం, మెత్తని మేత పెట్టడం, పుండ్లు కడగడం మన పని. అసలు కాపు టీకాయే.

టీకా నాలుగు నెలలు నిండిన ప్రతి పిల్లకూ, పెద్ద జీవానికీ వెయ్యాలి. చర్మం కింద ఒక్క మిల్లీలీటరు. ఒకసారి వేస్తే మూడేళ్లపాటు కాపు ఉంటుంది. నాలుగు నెలల లోపు ఎందుకు వద్దంటారు? తల్లి జున్నుపాలతో వచ్చిన బలం పిల్ల ఒంట్లో అప్పటిదాకా ఉంటుంది. ఆ బలమే టీకాను పనిచెయ్యనివ్వదు. “పోయిన ఏడు మంద మొత్తానికీ వేయించాము, ఇక మూడేళ్లు చింత లేదు” అనుకోవద్దు. ఈ ఏడు పుట్టిన పిల్లలకు ఎవరు వేశారు? కొనుక్కొచ్చిన పొట్టేలుకు ఎవరు వేశారు? కొత్తవాటికి ఏటా వేయించవలసిందే.

“గాలికుంటుకు ఆరు నెలలకొకసారి వేస్తారు, దీనికి మూడేళ్లకొకసారి చాలునా?” అని మీరు అడగవచ్చు. గాలికుంటు వైరసులో మన దేశంలో ఓ, ఏ, ఆసియా-1 అనే మూడు రకాలున్నవి. టీకా బలమూ త్వరగా తగ్గుతుంది. కోలుకున్న పశువు గొంతులో వైరస్ నెలల తరబడి దాగి ఉండగలదు. పారుడుకు అవేమీ లేవు. ఒక టీకా అన్ని మందలకూ పనికివస్తుంది. కోలుకున్న జీవం మళ్లీ రోగాన్ని మోసుకు తిరగదు. ఎండకు వైరస్ బయట ఎక్కువసేపు నిలవదు. ముసరకూ ఇవే గుణాలుండబట్టే అది పోయింది. అందుకే 2030 నాటికి పారుడును కూడా భూమి మీద లేకుండా చేయాలని లోకమంతా 2015లో సంకల్పం చెప్పుకున్నది. మన దేశమూ ఆ పనిలో ఉన్నది.

కొత్తగా కొన్న జీవాన్ని మూడు వారాలు విడిగా కట్టి, ఆ తరువాతనే మందలో కలపండి. వలస మంద వచ్చి మీ చేలో మంద కట్టినప్పుడు, వాటికి టీకాలు పడ్డవో లేదో అడిగి తెలుసుకోండి. జబ్బు జీవాలను రొప్పంలో మిగతావాటితో ఉంచవద్దు. నీళ్లతొట్టి వేరు చెయ్యండి. చచ్చిన దానిని వాగులో పారవేయక, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.

అన్నిటికంటె కష్టమైన మాట ఇప్పుడు చెపుతున్నాను. మందలో నాలుగు జీవాలు జబ్బుపడగానే, మిగతావాటినైనా సొమ్ము చేసుకుందామని సంతకు తోలాలనిపిస్తుంది. అప్పు ఉన్నవాడికి అనిపించడంలో తప్పు లేదు. కాని ఆ సంతలో వాటిని కొన్నవాడూ మీవంటి కాపరే. వారం తిరిగేసరికి అతని మంద మొత్తం పడకవేస్తుంది. నెల తిరిగేసరికి ఆ రోగం పది ఊళ్లు తిరిగి, టీకా పడని మీ పిల్లలనే వెతుక్కుంటూ వస్తుంది. ఆంట్వెర్ప్ రేవులో జరిగిందీ, మన సంతలో జరిగేదీ ఒకటే.

విస్తరణ సిబ్బందికి

మీకు రెండు మాటలు. టీకా పొడిని మంచులోనే ఉంచండి. చల్లని ద్రవంతో కలిపిన తరువాత రెండు గంటలలోపు అయిపోవాలి, మిగిలితే పారవెయ్యండి. ముక్తేశ్వరంలో ఏండ్ల తరబడి చేసిన పని, మీ మంచుపెట్టెలో మంచు కరిగిన ఒక్క పూటలో పాడవుతుంది. వెచ్చబడ్డ టీకా వేస్తే జీవానికి కాపు రాదు సరిగదా, రైతుకు టీకా మీద నమ్మకం పోతుంది. పోయిన నమ్మకం మళ్లీ తేవడం కష్టం.

రెండవది, కాపరి మాట వినండి. మందలు మేతకు పోకముందే తెల్లవారుజామున వెళ్లండి. ఏ గుట్ట దగ్గర ఏ మంద కలిసింది, ఏ సంత నుంచి ఏ జీవం వచ్చింది, ముందు ఏది దగ్గింది అన్నది కాపరికి తెలిసినంత ఎవరికీ తెలియదు. ప్లౌరైట్ అంతటివాడు మసాయి కాపరుల మాట వెంట నడిచాడు. మనమూ అడుగుదాము.

రైతు సోదరులారా! మన తాతల కాలంలో ముసర పోతుందంటే ఎవరూ నమ్మి ఉండరు. ఈనాడు మన పిల్లలకు ఆ మాటే తెలియదు. మీ దొడ్లో ఈ ఏడు పుట్టిన పిల్లలను లెక్కపెట్టండి. నాలుగు నెలలు నిండినవి ఎన్నో చూడండి. రేపు పశువుల డాక్టరుగారిని కలిసి, వాటికి పారుడు టీకా ఎప్పుడు వేస్తారని అడగండి. పశుసంవర్ధక శాఖ వారు ఉచితంగానే వేస్తారు. మీ పక్కింటి కాపరికి కూడా చెప్పి వెంట తీసుకువెళ్లండి. మీ మందకు టీకా పడి, అతని మందకు పడకపోతే పని సగమే అయినట్లు.